క్రిస్మస్‌ను ఎవరి దగ్గరా దొంగిలించలేదు

పోయిన నెల మా సంఘం యూత్ మీటింగ్‌లో ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి లేచి నిలబడి, "అయ్యగారూ, డిసెంబరు 25 అని బైబిల్లో ఎక్కడుంది?" అని అడిగింది. ఎగతాళికి అడగలేదు. ఫోన్‌లో ఏదో వీడియో చూసిందట. క్రిస్మస్ అసలు క్రైస్తవుల పండుగే కాదనీ, రోమన్ల సూర్యదేవుడి పుట్టినరోజును కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఎత్తుకొచ్చి దానికి యేసు పేరు తగిలించాడనీ అందులో చెప్పారట. పాపం, టెన్షన్ పడుతూనే అడిగింది. ఇలాంటి ప్రశ్నలు విశ్వాసాన్ని పాడుచేస్తాయి, ప్రార్థన ఎక్కువ చేసుకో అని అయ్యగారు రెండు మాటల్లో తేల్చేశారు. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది.

నాకది చాలా బాధ కలిగించింది. డిసెంబరు 25 బైబిల్లో లేదన్నది నిజం. ఆ మాట సూటిగా చెప్పి, మరి ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో వివరించడానికి ఎంతో సేపు పట్టదు. చర్చిలో ఆ కాస్త సమయం దొరక్కపోతే పిల్లలు ఫోన్‌లో వెతుక్కుంటారు. అక్కడ దొరికేది ఇలాంటి వీడియోలే. పైగా ఇది కొత్త ప్రశ్న కూడా కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలోనే ఈజిప్టులోని క్రైస్తవులు దీన్ని అడిగారు, ఒకదానికొకటి పొసగని జవాబులు చెప్పుకున్నారు.

ఇంకోవైపు మా బావ ఉన్నారు. వాళ్ళ సంఘంలో క్రిస్మస్ చేయరు. ఇంటి ముందు నక్షత్రం కట్టరు, క్యారల్స్‌కు వెళ్ళరు, ఎవరైనా "హ్యాపీ క్రిస్మస్" అంటే "ప్రైజ్ ద లార్డ్" అని ఊరుకుంటారు. ఆయన మంచి మనిషి, వాక్యం క్షుణ్ణంగా తెలిసిన మనిషి. ఆయన కూడా అలాంటి వీడియోనే ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "చూడండి బావా, మీరు చేసేది అన్యుల పండుగ" అని రాశారు.

ఇద్దరికీ కలిపి జవాబు రాయాలనిపించింది. నా వాదన ఇది. డిసెంబరు 25 యేసు నిజంగా పుట్టిన రోజని చెప్పడానికి ఆధారం లేదు. దాన్ని సూర్యదేవుడి దగ్గర దొంగిలించారనడానికీ చాలినంత ఆధారం లేదు. నాకు అర్థమైనంతలో ఆ తేదీకి మూలం సిలువ దగ్గర ఉంది. యేసు మరణించిన రోజును పట్టుకుని వేసిన లెక్కలోంచి ఆయన పుట్టిన రోజు వచ్చింది.

పుట్టినరోజు పట్టించుకోని తొలి సంఘం

మార్కు తన సువార్తను యోర్దాను నది దగ్గర బాప్తిస్మంతో మొదలుపెడతాడు. యోహాను సృష్టికి ముందు నుంచి మొదలుపెడతాడు. పుట్టుక కథ చెప్పింది మత్తయి, లూకా మాత్రమే. వాళ్ళిద్దరూ రోజు సంగతి అటుంచి నెల కూడా చెప్పలేదు. సంవత్సరం దగ్గరే చిక్కుంది. మత్తయి హేరోదు రాజు కాలం అంటాడు, ఆ హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. లూకా సిరియా అధిపతి కురేనియ కాలంలో జరిగిన జనాభా లెక్క అంటాడు, చరిత్రలో మనకు తెలిసిన ఆ లెక్క క్రీ.శ. 6లో జరిగింది. సంవత్సరమే ఇంత కష్టంగా ఉంటే తేదీ ఎలా తేలుతుంది?

గొర్రెల కాపరులు రాత్రిపూట పొలంలో ఉన్నారు కాబట్టి అది చలికాలం అయ్యుండదని బావలాంటి వాళ్ళు అంటారు. ఆ మాటలో కొంత బలం ఉంది. బేత్లెహేము కొండల మీద ఉన్న ఊరు, డిసెంబరులో చలీ వానా రెండూ ఉంటాయి. కానీ చలి ఉన్నంత మాత్రాన కాపరులు మందను వదిలేసి ఇంట్లో పడుకుంటారా? మందను మేపే వాళ్ళను ఎవరిని అడిగినా చెబుతారు. ఈ ఒక్క వచనంతో డిసెంబరును నిలబెట్టలేం, పడగొట్టనూ లేం.

అసలు గమనించాల్సింది వేరే ఉంది. మొదటి రెండు వందల ఏళ్ళూ క్రైస్తవులకు ఆ తేదీ కావాలనే అనిపించలేదు. వాళ్ళ పండుగ పస్కా. యేసు మరణం, పునరుత్థానం. పస్కాను ఏ రోజున చేయాలన్న దాని మీద రెండో శతాబ్దంలో ఆసియా మైనరు సంఘాలకూ రోము సంఘానికీ పెద్ద తగాదా జరిగింది. పుట్టుక గురించి అలాంటి తగాదా ఒక్కటీ లేదు. హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం చంపబడినవాళ్ళ విషయంలోనూ అంతే. స్ముర్నలో బిషప్పు పోలికార్పును కాల్చి చంపాక, ఆయన ఎముకలు పెట్టిన చోట ఏటా ఆయన చనిపోయిన రోజున కూడుకుంటామని అక్కడి సంఘం రాసుకుంది.

క్రీ.శ. 200 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బోధించిన క్లెమెంట్ తొలిసారిగా కొన్ని తేదీలు చెబుతాడు. అవి కూడా తన సొంతవి కావు. కొందరు యేసు పుట్టిన సంవత్సరంతో ఆగకుండా రోజును కూడా వెతుకుతున్నారు, అది కాస్త ఎక్కువ ఆరానే అన్న ధోరణిలో రాస్తాడు. వాళ్ళు చెప్పే తేదీల్లో ఒకటి మన లెక్కలో మే 20. ఇంకొందరు చెప్పేది ఏప్రిల్ 19 లేదా 20. డిసెంబరు 25 ఆ జాబితాలోనే లేదు. బసిలిదేసు అనే బోధకుడి శిష్యులు యేసు బాప్తిస్మపు రోజును జనవరి 6న కొందరు, 10న కొందరు పాటిస్తారని కూడా అక్కడే చెబుతాడు.

ఆ తర్వాతి తరంలో ఒరిగెన్ ఇంకా గట్టిగా మాట్లాడాడు. లేవీయకాండం మీద చేసిన ప్రసంగంలో, లేఖనాల్లో పుట్టినరోజు విందు చేసుకున్నది పాపులే అంటాడు. ఒకడు ఫరో, ఆ రోజునే తన భక్ష్యకారుల అధిపతిని వేలాడదీశాడు. రెండోవాడు హేరోదు (పైన చెప్పిన హేరోదు రాజు కొడుకు), ఆ విందులోనే బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించాడు. పరిశుద్ధుల్లో ఎవరూ పుట్టినరోజు పండుగ చేసుకోలేదన్నది ఆయన వాదన. ఇది చదివాక నాకు చాలాసేపు వేరే ఆలోచన రాలేదు. మేము డిసెంబరు నెలంతా సెమీ క్రిస్మస్‌లతో, క్యారల్స్‌తో గడిపేస్తాం. ఆది సంఘంలో అంత పెద్ద పండితుడు దాన్ని చూస్తే ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు.

336 నాటి జాబితా

డిసెంబరు 25కు మన చేతికి దొరికిన గట్టి సాక్ష్యం రోము నగరంలో తయారైన ఒక పుస్తకం. క్రీ.శ. 354లో వాలెంటినస్ అనే ధనవంతుడైన క్రైస్తవుడి కోసం ఫిలోకలస్ అనే లేఖకుడు దాన్ని అందంగా రాసిచ్చాడు. అసలు ప్రతి పోయింది, 17వ శతాబ్దంలో తీసిన నకళ్ళ ద్వారా అది మనకు మిగిలింది. అందులో రోము సంఘం ఏ హతసాక్షిని ఏ రోజున స్మరించుకోవాలో చెప్పే జాబితా ఉంది. దాని మొదటి వరుస డిసెంబరు 25, క్రీస్తు యూదయలోని బేత్లెహేములో పుట్టెను అని.

ఆ జాబితా 354 కంటే పాతదని ఎలా తెలుసు? పక్కనే రోము బిషప్పులు చనిపోయిన రోజుల జాబితా ఉంది. అది సంవత్సర క్రమంలో నడుస్తుంది, డిసెంబరు 27తో మొదలై డిసెంబరు 8తో ముగుస్తుంది. 335 డిసెంబరు 31న పోయిన సిల్వెస్టర్ తన వరుసలో సరిగ్గా ఉన్నాడు. 336 అక్టోబరులో పోయిన మార్కస్, 352లో పోయిన జూలియస్ మాత్రం క్రమం తప్పి చివర్లో చేరారు. అంటే మొదటి జాబితా సిల్వెస్టర్ తర్వాత, మార్కస్ కంటే ముందు తయారైంది. 336 అని అందుకే అంటారు. పాత కాగితాల్లోంచి ఒక తేదీని ఇంత శుభ్రంగా తేల్చిన పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. యూత్ మీటింగ్‌లో పిల్లలకు ఇది చూపిస్తే ఎంత ఆసక్తిగా వింటారో!

ఆ జాబితాలో నన్ను పట్టేసింది ఇంకొకటి ఉంది. అది దాదాపు అంతా మరణాల జాబితా. చంపబడినవాళ్ళు, సమాధి చేయబడినవాళ్ళు. వాళ్ళందరికీ తలమీద ఒకే ఒక జననం. రోము సంఘం సంవత్సరాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టింది. పుట్టుకను విడిగా ఒక వేడుకలాగా కాకుండా, చనిపోయినవాళ్ళ వరుసకు ముందు పెట్టింది.

సూర్యుడి పండుగ ఎంత పాతది?

బావ వాదనకు ఉన్న అసలైన బలం కూడా ఈ పుస్తకంలోనే ఉంది. అందులోనే రోము ప్రభుత్వ పంచాంగం ఒకటుంది. దాంట్లో డిసెంబరు 25 దగ్గర "అజేయుడి పుట్టినరోజు, 30 రథ పందేలు" అని రాసి ఉంది. సూర్యుడు అనే పేరు ఆ వరుసలో లేకపోయినా, అది సూర్యుడే అనడంలో నాకు అనుమానం లేదు. ఆరేలియన్ చక్రవర్తి 274లో రోములో అజేయ సూర్యుడికి పెద్ద గుడి కట్టించాడన్నది కూడా నిజం. ఈ రెండింటినీ కలిపి, ఆరేలియన్ డిసెంబరు 25న సూర్యుడి పండుగ పెట్టాడు, అరవై ఏళ్ళ తర్వాత క్రైస్తవులు దాన్ని లాక్కున్నారు అని కథ అల్లుతారు.

అయితే ఆరేలియన్ డిసెంబరు 25న పండుగ పెట్టినట్టు ఆనాటి రాత ఒక్కటీ లేదు. ఆయన పేరుతో ముడిపడిన సూర్యుడి క్రీడలు జరిగేది అక్టోబరులో. 354 పంచాంగంలోనే అక్టోబరు 22న సూర్యుడి కోసం 36 రథ పందేలు అని ఉంది. అంటే డిసెంబరు 25 కంటే పెద్ద సంబరం. రోము తొలి చక్రవర్తుల నాటి పంచాంగాల్లో ఆగస్టులో సూర్యుడి పండుగలు కనిపిస్తాయి, డిసెంబరు 25న కనిపించదు. ఆ తేదీన సూర్యుడి పండుగకు మనకున్న మొదటి రాత 354 నాటిది. అదే తేదీన క్రీస్తు జననానికి మొదటి రాత 336 నాటిది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఎవరు ఎవర్ని చూసి పెట్టుకున్నారో దాన్ని బట్టి తేల్చలేం. పురావస్తు పండితుడు స్టీవెన్ హైమన్స్ ఈ విషయాన్నే పట్టుకుని, సూర్యుడి పండుగే ముందు అని ధీమాగా చెప్పడం కుదరదని వాదించాడు. ఆ వాదన నాకు సబబుగా తోస్తుంది.

జూలియన్ చక్రవర్తి 362లో సూర్యుడి మీద రాసిన స్తోత్రంలో, సంవత్సరం చివర వచ్చే సూర్యుడి పండుగ పురాతన రాజుల నాటిదని చెప్పాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. చెప్పాడు. కానీ క్రైస్తవం వదిలేసి పాత దేవతల ఆరాధనను తిరిగి నిలబెట్టాలని చూసిన మనిషి, తన పండుగ ప్రాచీనమని చెప్పకపోతే ఆశ్చర్యపోవాలి. దాన్ని సాక్ష్యంగా తీసుకునేటప్పుడు జాగ్రత్త అవసరం.

కాన్‌స్టంటైన్ సంగతి ఇంకా బలహీనం. ఆయన 321లో ఆదివారాన్ని సెలవు చేశాడు, ఆయన నాణేల మీద చాలాకాలం సూర్యుడి బొమ్మ ఉంది, ఇవన్నీ నిజమే. క్రిస్మస్‌ను ఆయన పెట్టినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆయన తన పేరుతో కట్టుకున్న రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో డిసెంబరు 25 పండుగ మనకు కనబడేది 380 ప్రాంతంలో, ఆయన పోయిన నలభై ఏళ్ళ తర్వాత. చక్రవర్తి ఆజ్ఞతో వచ్చిన పండుగ అయితే ఆయన సొంత ఊరికి ముందు రాదా?

ఇలాంటి వీడియోల్లో వినిపించే మిగతా పేర్ల గురించి ఎక్కువ చెప్పను. రోమన్ల పండుగ సాటర్నేలియా డిసెంబరు 17న మొదలై 23తో అయిపోయేది. రోమన్ సైనికులు కొలిచిన మిత్ర దేవుడు డిసెంబరు 25న పుట్టాడని చెప్పే ప్రాచీన గ్రంథం లేదు. ఆ వీడియోలో కృష్ణుడు కూడా డిసెంబరు 25నే పుట్టాడన్నారట. శ్రావణ మాసంలో కృష్ణాష్టమి చేసుకునే మన తెలుగు దేశంలో ఈ మాట నమ్మి ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఉన్నారంటే నాకు నిజంగా దిగులేస్తుంది. మన పక్కింటి పండుగ ఏ నెలలో వస్తుందో మనకు తెలియదా?

సిలువ దగ్గర మొదలైన లెక్క

మరి ఆ తేదీ ఎలా వచ్చింది? 1889లో ఫ్రెంచి చరిత్రకారుడు లూయీ డ్యూషేన్ ఒక వివరణ ఇచ్చాడు. దాన్ని తర్వాత 1980లలో థామస్ టాలీ మరింత బలపరిచాడు. మహాత్ములు పుట్టిన రోజునే చనిపోతారని, వాళ్ళ ఆయుష్షు నిండు సంవత్సరాలుగా ఉంటుందని యూదుల్లో ఒక నమ్మకం ఉండేది. మోషే యూదుల అదారు నెల 7న పుట్టి అదే రోజున పోయాడని వాళ్ళ ధర్మగ్రంథం తల్మూదులో ఉంది. పితరులు నీసాను నెలలోనే పుట్టి నీసానులోనే పోయారని ఒక రబ్బీ, తిష్రీలో అని ఇంకో రబ్బీ వాదించుకున్నారు. క్రైస్తవులు ఈ ఆలోచనను యేసుకు వర్తింపజేసి, ఆయన ఈ లోకంలోకి వచ్చిన రోజు అంటే మరియ గర్భంలో పడిన రోజు అనుకున్నారు.

యేసు మార్చి 25న సిలువ వేయబడ్డాడని పడమటి సంఘాల్లో గట్టిగా నమ్మేవాళ్ళు. ఉత్తర ఆఫ్రికా క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ 200 ప్రాంతంలోనే ఆ తేదీ చెప్పాడు. గర్భంలో పడింది కూడా అదే రోజైతే, తొమ్మిది నెలలకు డిసెంబరు 25 వస్తుంది. తూర్పున ఆసియా మైనరులో కొందరు సిలువ దినాన్ని ఏప్రిల్ 6గా లెక్కించేవారని చరిత్రకారుడు సోజోమెన్ రాశాడు. ఏప్రిల్ 6కు తొమ్మిది నెలలు కలిపితే జనవరి 6. తూర్పు సంఘాలు పుట్టుకను పాటించింది సరిగ్గా జనవరి 6నే! రెండు చోట్ల రెండు వేర్వేరు మరణ తేదీలు, వాటికి తగ్గట్టే రెండు వేర్వేరు జనన తేదీలు. సూర్యుడి పండుగ నుంచి ఎత్తుకొచ్చారనే కథతో డిసెంబరు 25ను వివరించవచ్చేమో గానీ ఈ జంటను వివరించలేం. నన్ను ఈ వైపుకు తిప్పింది ఈ ఒక్క విషయమే.

ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ కూడా త్రిత్వం మీద రాసిన పుస్తకంలో, ఆయన మార్చి 25న గర్భంలో పడ్డాడని నమ్ముతారు, అదే రోజున శ్రమపడ్డాడు, డిసెంబరు 25న పుట్టాడని పారంపర్యంగా వస్తోంది అని స్పష్టంగా చెబుతాడు. కొత్త సమాధిలో ఆయనకు ముందు ఎవరినీ ఉంచనట్టే, కన్య గర్భంలోనూ ఆయనకు ముందు ఎవరూ లేరని అక్కడే పోల్చి చూపిస్తాడు. ఆయన మనసులో మొదలూ చివరా ఒక్కటే.

ఇక్కడ నా సందేహాలు కూడా దాచకుండా చెప్పాలి. నాలుగో శతాబ్దానికి ముందు, గర్భధారణా మరణమూ ఒకే రోజు అని విప్పి చెప్పిన క్రైస్తవ రాత గట్టిగా చూపించడం కష్టం. 243 నాటి ఒక పస్కా లెక్కల పుస్తకం ఉంది. అందులో మార్చి 28 అని ఉంది, అయితే అది గర్భధారణకు కాదు, పుట్టుకకే. సృష్టి మార్చి 25న మొదలైంది, దేవుడు నాలుగో దినాన సూర్యుణ్ణి చేశాడు కాబట్టి క్రీస్తు పుట్టింది ఆ రోజునే అన్నది అక్కడి తర్కం. మోషే కథలో కూడా పోల్చింది పుట్టుకతోనే, గర్భధారణతో కాదు. పుట్టుక దగ్గరి నుంచి గర్భధారణ దగ్గరికి ఆలోచన ఎప్పుడు, ఎందుకు జరిగింది? డిసెంబరు 25 ముందే స్థిరపడ్డాక, దాన్ని సమర్థించడానికి ఈ లెక్క కట్టారా? అలా అనేవాళ్ళను నేను కొట్టిపారేయలేను. పైగా యేసు నిజంగా సిలువ వేయబడింది మార్చి 25న కాదని, క్రీ.శ. 30 ఏప్రిల్ 7 లేదా 33 ఏప్రిల్ 3 అయ్యుండవచ్చని ఈనాటి పండితుల్లో ఎక్కువమంది అంటారు. అంటే లెక్క మొదలైన చోటే తేదీ తప్పు.

ఇంకో సంగతి. లెక్క వేసినవాళ్ళు కూడా సూర్యుణ్ణి చూస్తూనే వేశారు. రోమన్ల సంప్రదాయంలో మార్చి 25 అంటే పగలూ రాత్రీ సమానమైన రోజు, డిసెంబరు 25 అంటే సూర్యుడు తిరిగి పైకి రావడం మొదలుపెట్టే రోజు. నాలుగో శతాబ్దానికి ఆకాశంలో ఆ మలుపు డిసెంబరు 21 దగ్గరికి జరిగిపోయినా పాత తేదీనే పట్టుకున్నారు. మనం కూడా అంతే కదా, సూర్యుడు డిసెంబరు 22కల్లా ఉత్తరానికి తిరిగినా, ఉత్తరాయణ పుణ్యకాలమని సంక్రాంతి నాడే స్నానాలు చేస్తాం. సృష్టి వసంతంలో మొదలైందని, వెలుగు పెరగడం మొదలయ్యే రోజున లోకానికి వెలుగు వచ్చిందని వాళ్ళు అనుకున్నారు. మలాకీ ప్రవక్త చెప్పిన నీతి సూర్యుడు వాళ్ళ నోట ఎప్పుడూ ఉండే మాట. కాబట్టి సూర్యుడికీ ఈ తేదీకీ సంబంధమే లేదని ఎవరైనా క్రైస్తవుడు అంటే నేను ఒప్పుకోను. ఆ సంబంధం ఉంది, అయితే అది దొంగతనం కాదు. ఒకే ఆకాశం కింద బతికిన ఇద్దరు, ఆ ఆకాశంలోని ఒకే మలుపును చూసి తమ తమ దేవుణ్ణి తలచుకున్నారు.

రెండు పండుగలూ ఒకే రోజున పడ్డాక గందరగోళం జరిగిందనడంలో సందేహం లేదు. ఈ రోజును కనిపించే సూర్యుడి కోసం కాక, ఆ సూర్యుణ్ణి చేసినవాడి కోసం ఆచరించండని అగస్టీన్ తన ప్రజలకు చెప్పాల్సి వచ్చింది. ఐదో శతాబ్దం మధ్యలో పోప్ లియో ఇంకా బాధపడ్డాడు. రోములో పేతురు దేవాలయం మెట్లెక్కిన క్రైస్తవులు లోపలికి పోయే ముందు వెనక్కి తిరిగి ఉదయిస్తున్న సూర్యుడికి తల వంచి నమస్కరిస్తున్నారట. నాకు ఆ జనం మీద కోపం రాదు. తరతరాల అలవాటు ఒక్క బాప్తిస్మంతో పోదని మన ఊళ్ళలో చూసినవాళ్ళకు బాగా తెలుసు.

ఈ వాదన ఎవరికి అక్కరకొచ్చింది

సూర్యుడి పండుగను మార్చారనే మాట ఎక్కడ మొదలైందో చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. ఇంటర్నెట్‌లో అందరూ చూపించే వాక్యం ఒకటుంది. అది 12వ శతాబ్దపు సిరియా బిషప్పు బార్ సలీబీ రచన ప్రతి అంచున ఎవరో రాసిన చిన్న వివరణ. అంటే జరిగిందనే సంఘటనకు ఎనిమిది వందల ఏళ్ళ తర్వాతిది. అందులోనూ ఉద్దేశం వేరు. జనవరి 6 పాటించే తూర్పు సంఘంవాళ్ళు, పడమటివాళ్ళ తేదీ ఎందుకు వేరో చెప్పుకుంటున్నారు. ఆ తర్వాత 1743లో జర్మనీలో పాల్ ఎర్నెస్ట్ యబ్లోన్‌స్కీ అనే ప్రొటెస్టెంట్ పండితుడు ఈ వాదనను తీసుకున్నాడు. అన్య ఆచారాలు కలిసి స్వచ్ఛమైన సంఘం పాడైందని చూపడం ఆయన అవసరం. 1889లో, డ్యూషేన్ పుస్తకం వచ్చిన ఏడాదే, హెర్మన్ ఉసెనర్ దాన్ని పెద్ద గ్రంథంగా రాశాడు.

ఆ అవసరం అంతకు ముందు నుంచే ఉంది. 1647లో ఇంగ్లండ్ పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దు చేసింది. 1659లో అమెరికాలో మసాచుసెట్స్ ప్యూరిటన్లు క్రిస్మస్ చేస్తే ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681 దాకా ఆ చట్టం ఉంది. బైబిల్లో లేని పండుగ చేయకూడదన్నది వాళ్ళ నియమం. మన తెలుగు సంఘాలు వేర్వేరు మిషన్ల ద్వారా వచ్చినవి. 1842లో గుంటూరుకు వచ్చిన మిషనరీ హేయర్ లూథరన్, క్రిస్మస్ చేసుకునే సంప్రదాయం వాడు. పండుగలంటే అనుమానపడే సంప్రదాయాల నుంచి వచ్చిన బోధకులూ మన దగ్గరికి వచ్చారు. మా ఇంట్లో, బావ ఇంట్లో నడిచే ఈ వాదన అక్కడి నుంచే దిగుమతైందని నా అభిప్రాయం.

ఆ నియమం నాకు తప్పుగా అనిపించదు. పండుగ చేయకూడదనుకునేవాళ్ళకు ఒరిగెన్ తోడున్నాడు, మొదటి రెండు శతాబ్దాల సంఘం తోడుంది, దినాలను పాటించడం గురించి గలతీయులకు పౌలు రాసిన హెచ్చరిక ఉంది. ఇవి గట్టి ఆధారాలు. ఇవన్నీ చేతిలో ఉండగా, ఆధారంలేని మిత్ర పుట్టినరోజును పట్టుకుని వేలాడటం ఎందుకు? నిజం చెప్పడానికి అబద్ధపు సాక్ష్యం అక్కర్లేదు. చేసుకునే మేము కూడా 25 అక్షరాలా ఆ రోజే అని పిల్లలకు చెప్పడం మానాలి. అదే పౌలు రోమీయులకు రాస్తూ, ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమంటాడు, ఎవరి మనసులో వాళ్ళు రూఢి చేసుకోండి అన్నాడు.

386 డిసెంబరు 25న అంతియొకయలో అక్కడి బోధకుడు జాన్ క్రిసోస్టమ్ చేసిన ప్రసంగం ఇప్పటికీ ఉంది. ఈ రోజు మనకు తెలిసి ఇంకా పదేళ్ళు కూడా కాలేదని ఆయన దాచకుండా చెబుతాడు. ఇది కొత్తదని కొందరు, కాదు పాతదేనని కొందరు ఊళ్ళో వాదించుకుంటున్నారని కూడా చెబుతాడు. అయినా గుడి జనంతో నిండిపోయింది. ఆయన తేదీని రుజువు చేయడానికి ఒక లెక్క చెబుతాడు. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా, ప్రధాన యాజకుడు మాత్రమే వెళ్ళే అతి పరిశుద్ధ స్థలంలో ప్రాయశ్చిత్త దినాన ఉండగా దూత కనబడ్డాడనీ, అప్పటి నుంచి ఆయన భార్య ఎలీసబెతుకు ఆరో నెల వచ్చేసరికి మరియ గర్భవతి అయిందనీ, ఆ తర్వాత తొమ్మిది నెలలు లెక్కించాలనీ అంటాడు. ఆ లెక్క నిలబడదు. లూకా ప్రకారం జెకర్యా ప్రధాన యాజకుడు కాడు, వంతు వచ్చి చీటీ పడి ధూపం వేయడానికి వెళ్ళిన మామూలు యాజకుడు. అయినా నేను ఆ ప్రసంగాన్ని ప్రేమిస్తాను. ఎందుకంటే జనం అడిగిన ప్రశ్నను ఆయన పల్పిట్ మీదికి తెచ్చాడు. ఎవరినీ ప్రార్థన చేసుకోమని పంపేయలేదు. తనకు తెలిసినంతలో లేఖనం తెరిచి జవాబు చెప్పాడు.

తేదీ తప్పితే పండుగే చెల్లదనేవాళ్ళు యేసు పుట్టిన ప్రాంతపు సంఘాన్ని చూడాలి. బేత్లెహేముకు కూతవేటు దూరంలో ఉన్న యెరూషలేము సంఘం ఆరో శతాబ్దం దాకా డిసెంబరు 25ను ఒప్పుకోలేదు, జనవరి 6నే జననాన్ని పాటించింది. అర్మేనియన్లు ఇప్పటికీ జననాన్నీ బాప్తిస్మాన్నీ కలిపి జనవరి 6నే చేస్తారు. ఉక్రెయిన్ 2023లో జనవరి 7 నుంచి డిసెంబరు 25కు మారింది, రష్యా మారలేదు. బేత్లెహేములోని జనన దేవాలయంలో ఈనాటికీ ఏడాదికి మూడు క్రిస్మస్‌లు జరుగుతాయి. కాథలిక్కులది డిసెంబరు 25న. గ్రీకు ఆర్థడాక్స్‌వాళ్ళది జనవరి 7న, వాళ్ళ పాత క్యాలెండరులో అది డిసెంబరు 25. అర్మేనియన్లది అదే పాత క్యాలెండరు ప్రకారం జనవరి 6, అంటే మన గోడమీది క్యాలెండరులో జనవరి 19.